కంట్లో సూదికి జంకు, సగంలో ఆగుతున్న వైద్యం
రోగికి కాస్త ఊరట కల్పిస్తే చూపు దక్కుతుంది

ఆదోని: చక్కెర జబ్బు వల్ల చూపు మందగించిన వారికి కంటిలోపలికి ఇంజెక్షన్ ఇచ్చే వైద్యం ఇప్పుడు పెద్ద పట్టణాలలో లభిస్తున్నది. చాలామందికి దానివల్ల చూపు నిలబడుతున్నది. కొందరికి పోయిన చూపులో కొంత తిరిగి వస్తున్నది. అయినా పల్లెల నుంచి వెళ్లినవారిలో ఒకటి రెండు ఇంజెక్షన్లతో సరిపెట్టుకొని ఇంటిపట్టున ఉండిపోయేవారు కనిపిస్తూనే ఉన్నారు. ఎందుకు మానుకున్నారని అడిగితే ఖర్చు అంటారు, దూరం అంటారు. ఆ రెండూ అబద్ధం కాదు. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు వంద కిలోమీటర్లు. తోడు వచ్చే కొడుకుకో కూతురుకో ఆ రోజు కూలి పోతుంది. కాని ఇంకాసేపు మాట్లాడితే మరో సంగతి బయటపడుతుంది. ఆ గదిలో బల్లమీద పడుకున్న పది నిమిషాలను వారు మరచిపోలేకపోతున్నారు. మళ్లీ ఆ బల్ల ఎక్కడం కంటె మసక చూపే నయమనుకుంటున్నారు.

ఈ సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్లు లేదు. మందు ధర గురించి చర్చ జరుగుతుంది, కొత్త యంత్రాల గురించి జరుగుతుంది. రోగి పడే మంట గురించి, భయం గురించి మాట్లాడేవారు తక్కువ. నేత్రవైద్య పత్రికలలో మాత్రం దీనిపై చాలా పరిశోధనలే వచ్చాయి. వాటిని బట్టి చూస్తే రోగిని బాధపెట్టే వాటిలో సూదిది చిన్న పాలు. మిగిలిన బాధలో చాలా భాగాన్ని పెద్ద ఖర్చు లేకుండానే తగ్గించవచ్చు.

ఊట దిగిన పొలం వంటిది

తుంగభద్ర దిగువ కాలువ గట్టు కింది పొలాలు చూసినవారికి ఈ జబ్బు సులువుగా అర్థమవుతుంది. గట్టు బలహీనపడిన చోట నీరు ఊట దిగి, నేల చిత్తడై పైరు ఎర్రబారుతుంది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి అదుపు తప్పినవారికి కంటి వెనుక ఉండే రెటీనా అనే పొరలోని సన్నని రక్తనాళాలు కూడా అలాగే బలహీనపడి నీరు కారుస్తాయి. ఆ పొర నడిమధ్యన, మనిషి ముఖం గుర్తుపట్టడానికీ అక్షరం చదవడానికీ పనికివచ్చే చోట వాపు వస్తుంది. చూసే వస్తువు నడుమ మసకగా ఉంటుంది. తిన్నని గీత వంకరగా కనిపిస్తుంది. ఈ వాపు కళ్లద్దాలతో పోయేది కాదు. శుక్లం ఆపరేషన్ కూడా దీనిని తగ్గించదు.

2018లో తెలంగాణలోను, 2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభమై మన రాష్ట్రంలోను కంటి వెలుగు పేరుతో శిబిరాలు జరిగాయి. లక్షల మందికి పరీక్షలు చేసి అద్దాలు ఇచ్చారు. మంచి పనే. అయితే కంటి జబ్బు అంటే అద్దాలు, కాకుంటే శుక్లం ఆపరేషన్ అనే అభిప్రాయం పల్లెలలో ఇప్పటికీ అలాగే ఉన్నది. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఆధారంగా 2023లో వెలువడిన లెక్క ప్రకారం దేశంలో చక్కెర జబ్బు ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. అందరికీ కంటి ఇంజెక్షన్ అవసరం రాదు. అవసరం వచ్చే కొద్దిమంది కూడా లక్షల సంఖ్యలోనే ఉంటారు. వారికి దాని గురించి ముందుగా చెప్పినవారు లేరు.

ఈ ఇంజెక్షన్ ఒక్కటితో ముగిసేది కాదు. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్‌సెప్ట్ అనే మందులు ఎక్కువగా వాడుతున్నారు. నాళాలు కారడానికి కారణమయ్యే ఒక పదార్థాన్ని ఇవి అణచివేస్తాయి. ఒక్కో మోతాదు బలం కొన్ని వారాలే నిలుస్తుంది. అందుకే మొదట్లో నెలకొకటి చొప్పున వేస్తారు. అమెరికాలో 660 మంది చక్కెర రోగులపై జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనలో మొదటి సంవత్సరంలోనే ఒక్కొక్కరికి సుమారు 9, 10 ఇంజెక్షన్లు పట్టాయి. ఒక్కసారి మందు కొట్టి పురుగు పోయిందనుకున్న పత్తి రైతు పరిస్థితి ఏమవుతుందో, మొదటి ఇంజెక్షన్‌తో మానుకున్న రోగి పరిస్థితీ అంతే. వాపు మళ్లీ వస్తుంది. ఆలస్యంగా తిరిగి వెళ్లినా పోయిన చూపంతా రాదు. కాబట్టి మొదటిసారి బల్లమీద రోగికి కలిగే అనుభవం మీద తర్వాతి వైద్యమంతా ఆధారపడి ఉన్నది.

సూది ఎక్కడ దిగుతుంది?

కంట్లో సూది అనగానే నల్లగుడ్డు నడుమ గుచ్చుతారని, సూది మొన తనవైపు రావడం కనబడుతుందని జనం భయపడతారు. సూదిని తెల్లగుడ్డులో, నల్లగుడ్డు అంచుకు మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్ల దూరాన వేస్తారు. ఆ క్షణంలో రోగిని వేరే వైపు చూడమంటారు కనుక సూది కంటపడదు. వాడే సూది మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. లోపలికి పోయే మందు 0.05 మిల్లీలీటరు, అంటే ఒక చుక్క. సూది కంటిలో ఉండేది కొన్ని సెకండ్లు. అంతకుముందే కన్ను తిమ్మిరెక్కేలా చుక్కలు వేసి ఉంటారు. గుచ్చినట్లుగా కాక వేలితో ఒత్తినట్లు ఉన్నదని చెప్పే రోగులే ఎక్కువ.

మరి బాధ ఎక్కడ నుంచి వస్తున్నది? రెప్ప వాల్చకుండా తెరిచి ఉంచడానికి పెట్టే తీగ క్లిప్పు ఒకటి. ముఖం నిండా కప్పే గుడ్డ ఒకటి. ఏం జరుగుతుందో తెలియని ఎదురుచూపు మరొకటి. వీటన్నిటి కంటె ఎక్కువ బాధపెట్టేది, రోగి ఊహించనిది, కన్ను శుభ్రం చేయడానికి వేసే గోధుమ రంగు మందు.

మంట పెట్టేది అయోడిన్

క్రిములను చంపడానికి పోవిడోన్ అయోడిన్ అనే ద్రావకాన్ని, సాధారణంగా 5 శాతం బలంతో, కంట్లో వేసి కొద్దిసేపు ఉంచుతారు. దీనిని మానడానికి వీలులేదు. సూది వెంట క్రిమి లోపలికి పోతే కంటిలో చీము పట్టి చూపు మొత్తం పోవచ్చు. వేలమందిలో ఒకరికి జరిగే ప్రమాదమే అయినా, జరిగిన వాడికి కన్ను పోవచ్చు. అయితే ఈ మందే నల్లగుడ్డు పైనున్న పలుచని పొరను గీరినట్లు చేస్తుంది. తిమ్మిరి చుక్కల బలం ఉన్నంతసేపు ఏమీ తెలియదు. కర్నూలులో బస్సు ఎక్కి కోడుమూరు దాటేసరికి మొదలవుతుంది. కంట్లో కారం పడ్డట్లు, ఇసుక పోసినట్లు ఉంటుంది. నీరు ధారగా కారుతుంది. ఆ రాత్రి నిద్ర ఉండదు. ఇంటిల్లిపాదీ ఆ సూదే కన్ను చెడగొట్టిందని నిర్ధారణకు వస్తారు. తెల్లవారేసరికి వాడంతా అదే మాట.

నిజానికి ఇది చాలావరకు తప్పించగలిగిన బాధ. ఇంజెక్షన్ అయిన వెంటనే సెలైన్ నీటితో కంటిని, రెప్పల లోపలి మడతలను ధారాళంగా కడిగితే మిగిలిపోయిన అయోడిన్ కొట్టుకుపోతుంది. అర నిమిషం పని. తర్వాత కన్ను ఎండిపోకుండా చేసే చుక్కల మందు ఒక బుడ్డి ఇచ్చి, ఆ రోజంతా రెండు మూడు గంటలకొకసారి వేసుకోమని చెబితే మంట బాగా తగ్గుతుంది. రద్దీ ఎక్కువగా ఉన్న ఆసుపత్రులలో జారవిడిచేది ఈ అర నిమిషాన్నే. వరుసలో ముప్పయి మంది ఉన్నప్పుడు ఒక్కొక్కరి కన్నూ కడుగుతూ కూర్చుంటే సాయంత్రమవుతుందన్నది సిబ్బంది చెప్పే మాట. వారి ఇబ్బంది వారిది. కాని అలా మిగిలిన అర నిమిషానికి మూడో ఇంజెక్షన్‌కు రోగి రాకుండా పోతే లాభమెవరికి?

అయోడిన్ అసలే పడనివారు, ముందునుంచీ కన్ను ఎండిపోయే జబ్బు ఉన్నవారు కొందరుంటారు. వారికి క్లోర్‌హెక్సిడిన్ అనే మరో మందును కంటికి తగినంత పలుచగా చేసి కొన్ని దేశాలలో వాడుతున్నారు. కిందటిసారి ఎంత మంట పుట్టిందో డాక్టరుకు చెబితేనే ఇటువంటి మార్పు ఆలోచిస్తారు. మన రోగులు ఆ మాట ఇంటికి వచ్చి అందరికీ చెబుతారు. డాక్టరుకు మాత్రం చెప్పరు.

తిమ్మిరి ఎక్కించడంలోను తేడాలున్నాయి. కొందరు డాక్టర్లు చుక్కలతోనే సరిపెడతారు. కొందరు తిమ్మిరి మందులో ముంచిన దూదిపుల్లను సూది దిగే చోట కాసేపు ఆనించి ఉంచుతారు. కొందరు జెల్లీ వాడతారు. కొందరు పైపొర కింద చిన్న మత్తు సూది వేస్తారు. చివరిదానివల్ల అసలు సూది నొప్పి తక్కువే, కాని తెల్లగుడ్డులో రక్తం చిమ్మి ఎర్రబడడం ఎక్కువ. జెల్లీని అయోడిన్‌కు ముందు పూస్తే అయోడిన్ క్రిములను చేరకుండా అడ్డుపడవచ్చు కనుక ఆ వరుస చూసుకోవాలి. ఫలానాదే మేలని వైద్యులందరూ ఒప్పుకున్న పద్ధతి లేదు. అన్నిటికీ వర్తించేది ఒకటున్నది: చుక్కలు వేశాక అవి పనిచేసే వ్యవధి ఇవ్వాలి. వేసిన చేత్తోనే క్లిప్పు పెడితే ఏ మందైనా వృథా.

మాట్లాడవచ్చా, కూడదా?

భయం తగ్గడానికి మంచి మాటను మించిన మందు లేదంటారు. కంటి ఇంజెక్షన్ విషయంలో దీనికి ఒక చిక్కు ఉన్నది. మనిషి నోటి తుంపరలలోని క్రిములు కంటికి చాలా ప్రమాదకరమైనవి. అందుకే సూది వేసే సమయంలో డాక్టరు, నర్సు, రోగి ముగ్గురూ మాట్లాడకుండా ఉండాలని, మూతికి మాస్కు ఉండాలని నిపుణులు చెబుతారు. ఈ నియమం తెలియని రోగికి డాక్టరు మౌనం నిర్లక్ష్యంగా, కోపంగా కనిపిస్తుంది. తన కన్నుకు ఏదో అయిందని, అందుకే ఎవరూ పలకడం లేదని బెంగపడతాడు.

కనుక చెప్పవలసిందంతా బల్ల ఎక్కకముందే చెప్పాలి. ముందు చుక్కలు వేస్తాము, తర్వాత చల్లని మందు, కొంచెం మండుతుంది, రెప్పకు క్లిప్పు పెడతాము, పైకి చూడమన్నప్పుడు చూడు, ఒత్తినట్లు ఉంటుంది, అప్పుడు ఎవరమూ మాట్లాడము, అది మంచికే. ఇంతే. దీనికి రెండు నిమిషాలు చాలు. ఒక్కొక్కరికీ చెప్పే తీరిక లేకపోతే వరండాలో కూర్చున్న పదిమందికీ కలిపి నర్సు చెప్పవచ్చు. తెలుగులోనే కాక, ఆదోని ప్రాంతంలో కన్నడం, ఉర్దూ మాట్లాడేవారు కూడా ఎక్కువ కాబట్టి వారి భాషలోనూ చెప్పించాలి. ఇంగ్లీషులో అచ్చువేసిన సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించుకోవడం వివరించినట్లు కాదు.

మాట లేని సమయంలో చేయి ఉన్నది. మత్తు ఇవ్వకుండా, తిమ్మిరి మందుతోనే చేసే శుక్లం ఆపరేషన్లలో ఒక నర్సు రోగి చేయి పట్టుకుని ఉంటే ఆందోళన తగ్గినట్లు పరిశోధనలు చూపాయి. కంటి ఇంజెక్షన్లకూ ఇదే పద్ధతిని, మెల్లని సంగీతాన్ని కొన్నిచోట్ల అనుసరిస్తున్నారు. ఆయానో, నర్సింగు విద్యార్థినో ఈ పనికి పెట్టవచ్చు. జీతాలు పెరగవు. రోగికి ఇంకో సౌకర్యం కూడా ఉంటుంది. దగ్గు వచ్చినా, భరించలేకపోయినా చేయి నొక్కి తెలియజేయవచ్చు, తల కదపనక్కరలేదు.

ముఖంపై కప్పే గుడ్డ సంగతి కూడా ఆలోచించదగినది. ఉబ్బసం ఉన్నవారికి, వయసు మళ్లిన ఆడవారికి దాని కింద ఊపిరాడనట్లు ఉంటుంది. జిగురు గుడ్డ అయితే ఊడదీసేటప్పుడు రెప్పవెంట్రుకలు పీకుతుంది. రెప్పలను శుభ్రంగా తుడిచి, క్లిప్పు సరిగా పెడితే గుడ్డ తప్పనిసరి కాదని భావించే వైద్యులు పలు దేశాలలో ఉన్నారు. కప్పవలసిందే అంటే ముక్కు, నోరు దగ్గర ఎత్తిపెట్టి గాలి ఆడనివ్వాలి. నడుము నొప్పి ఉన్న ముసలివారికి మోకాళ్ల కింద ఒక దిండు పెట్టాలి. ఆపరేషన్ గది చల్లగా ఉంటుంది. జీవితంలో ఏసీ గది ఎరుగని అవ్వకు ఒక దుప్పటి ఇవ్వడం ఏ ఆసుపత్రికీ భారం కాదు.

పేరు పెట్టి పిలవడం అన్నిటి కంటె చౌకైన ఉపాయం. నంబరు పెట్టి కేక వేసి, కదిలితే కన్ను పోతుందని గద్దించే సిబ్బంది చాలాచోట్ల ఉన్నారు. తాతా, పెద్దమ్మా అని పిలిచి భుజం పట్టి బల్ల ఎక్కించేవారూ ఉన్నారు. అదే సూది, అదే మందు. రెండో చోటికి రోగి మళ్లీ వెళ్తాడు.

రోగి చేసుకోగలిగినవి

కొన్ని పొరపాట్లు ఇంటి దగ్గరే జరుగుతున్నాయి. ఆపరేషన్ అనుకొని తెల్లవారుజామునుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, చక్కెర మాత్ర మాత్రం వేసుకొని బయలుదేరేవారున్నారు. మధ్యాహ్నానికి చక్కెర పడిపోయి చెమటలు పడతాయి. తిమ్మిరి చుక్కలతో ఇచ్చే ఇంజెక్షన్‌కు సాధారణంగా ఉపవాసం అక్కరలేదు. ఆసుపత్రివారు ప్రత్యేకంగా వద్దంటే తప్ప వేళకు తిని, మాత్రలు మామూలుగా వేసుకొని వెళ్లాలి. రక్తపోటు మాత్ర మరచి, భయంతో పోటు మరింత పెరిగి, ఇంజెక్షన్ వేయకుండానే తిరిగి పంపితే ఆ రోజు బస్సు ఛార్జీలు, కూలి దండగ. రెండు కళ్లకూ అవసరమున్నవారు ఒకేరోజు వేస్తారేమో అడగవచ్చు. ఒక్కో కంటికి వేరువేరుగా శుభ్రం చేసి, వేరు పరికరాలతో అలా వేసే డాక్టర్లున్నారు. ప్రయాణాలు సగమవుతాయి.

ఇంజెక్షన్ తర్వాత కంటిలో నల్లని గుండ్రని బుడగలు తేలినట్లు కనబడవచ్చు. మందుతోపాటు పోయిన గాలి బుడగలవి, ఒకటి రెండు రోజులలో పోతాయి. సూది దిగిన చోట రక్తం చిమ్మి తెల్లగుడ్డు ఎర్రగా మారవచ్చు. చూడడానికి భయంకరంగా ఉంటుంది, నొప్పి ఉండదు, వారం రెండు వారాలలో దానంతటదే పోతుంది. ఆ ఎరుపును చూసే ఇరుగుపొరుగు బెదిరిపోతారు, ఆ తర్వాత వంతువారు బండి ఎక్కరు. ఇవి మామూలేనని ఒక చీటీ మీద తెలుగులో అచ్చువేసి ఇస్తే ఊళ్లో పుకారుకు తావుండదు. తిరుగు ప్రయాణంలో దుమ్ము, గాలి తగలకుండా నల్ల అద్దాలు పెట్టుకోవాలి. మంటకు చనుబాలు పిండడం, నందివర్ధనం పూల రసం పోయడం మన పల్లెలలో ఇంకా ఉన్నది. సూది పడిన కంట్లో వీటిని వేయడం చాలా ప్రమాదం. చెరువు నీటితో కడగడమూ అంతే.

ఖర్చు విషయానికి వస్తే, పైన చెప్పిన 2015 పరిశోధనలో చూపు కొద్దిగానే తగ్గినవారికి మూడు మందులూ సమానంగా పనిచేశాయి. చూపు బాగా తగ్గినవారికి మొదటి ఏడాదిలో అఫ్లిబర్‌సెప్ట్ మెరుగనిపించింది. బెవాసిజుమాబ్ వాటికంటె చాలా చౌక. కాబట్టి తొందరగా వెళ్లినవారికి చౌక మందుతోనే పని జరిగే అవకాశం ఉన్నది. ఇంజెక్షన్‌కు ఇంజెక్షన్‌కు మధ్య ఎడం పెంచే కొత్త మందులు కూడా ఇటీవలి సంవత్సరాలలో వచ్చాయి. సూదులు తగ్గడాన్ని మించిన సుఖం రోగికి ఏముంటుంది, కాని వాటి ధర పల్లె రోగికి అందేలా లేదు.

జిల్లా ఆరోగ్య శాఖ చేయదగిన పని ఒకటున్నది. గర్భిణుల తేదీలు ఆశా కార్యకర్తల పుస్తకంలో ఉంటాయి. కంటి ఇంజెక్షన్ తీసుకుంటున్నవారి తదుపరి తేదీలు కూడా అక్కడ చేరితే వారం ముందు గుర్తు చేయవచ్చు, రాననేవారిని కారణం అడగవచ్చు. మంటే కారణమైతే ఆ మాట ఆసుపత్రికి చేరవేయవచ్చు.

ఇక జాగ్రత్త పడవలసిన సూచనలు. మొదటి రోజు మంట రెండో రోజుకు తగ్గుముఖం పట్టాలి. అలాకాక ఇంజెక్షన్ తర్వాత వారం రోజులలో ఎప్పుడైనా నొప్పి పెరుగుతూ పోయినా, ఉన్న చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, రెప్పలు వాచి పుసి కట్టినా తెల్లవారేదాకా ఆగకూడదు. గంటలు గడిచేకొద్దీ కన్ను చేజారుతుంది. మందుల షాపులో చుక్కలు కొని వేసుకోవడం దీనికి వైద్యం కాదు, ఇంజెక్షన్ వేసిన చోటికే వెళ్లాలి. రాత్రివేళ ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరును బయలుదేరే ముందే అడిగి, చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకొని, ఇంట్లో చదువు వచ్చినవారి చేతికి ఇచ్చి ఉంచాలి.